ఎవరికి ముందు, ఎవరికి తర్వాత: ప్రాజెక్టులకు నగరం చేసే ఆర్థిక సాయం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నగరం దగ్గరికి కంపెనీలు వస్తాయి, డెవలపర్లు వస్తారు. ఒకరు ఫ్యాక్టరీ పెడతామంటారు. ఇంకొకరు ఆఫీసు భవనం కడతామంటారు. మరొకరు మూతబడ్డ పాత మిల్లును బాగుచేసి ఇళ్లుగా మారుస్తామంటారు. అందరి మాటా చివరికి ఒకటే: "మీరు కొంచెం సాయం చేస్తేనే ఇది జరుగుతుంది." అందరికీ సాయం చేసేంత డబ్బు ఏ నగరం దగ్గరా ఉండదు. కాబట్టి వరుస పెట్టుకోక తప్పదు. ఆ వరుస ఎలా పెట్టాలన్నదే ఈ రోజు మన విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ వరుస దరఖాస్తు రాకముందే రాసి ఉండాలి. జనం ముందు చర్చించి, కౌన్సిల్ ఆమోదించి, అందరికీ దొరికేలా పెట్టాలి. దరఖాస్తు చేతికొచ్చాక ప్రాధాన్యాలు రాసుకోవడం మొదలుపెడితే, అవి వచ్చినవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కాలా తయారవుతాయి. ఎవరూ అవినీతికి పాల్పడక్కర్లేదు. ఎదురుగా మంచి బొమ్మలతో ఒక ప్రాజెక్టు కనిపిస్తుంటే, అందులో ఉన్నవన్నీ మనకు ముఖ్యమైనవిగానే తోస్తాయి. అది మనిషి సహజం.

ముందు ఈ సాయం ఏ రూపాల్లో ఉంటుందో చూద్దాం. చెక్కు రాసివ్వడం చాలా అరుదు. ఆస్తి పన్ను కొన్నేళ్లపాటు మాఫీ చేయడం, స్థలం మార్కెట్ కంటే తక్కువకు ఇవ్వడం, ప్రాజెక్టు కోసం రోడ్డు, నీళ్ల పైపు, మురుగు లైను వేయించడం, తక్కువ వడ్డీకి అప్పివ్వడం, బ్యాంకు అప్పుకు హామీ ఉండటం ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా నగరాల్లో టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్ అనే పద్ధతి బాగా వాడకంలో ఉంది. పొట్టిగా టిఫ్ అంటారు. ఒక ప్రాంతానికి గీత గీస్తారు. ఆ రోజుకు అక్కడి నుంచి వచ్చే ఆస్తి పన్ను ఎంతో లెక్కకట్టి, అక్కడికి నిలిపేస్తారు. ఆ తర్వాత పెరిగే పన్నంతా మామూలు ఖజానాకు పోకుండా ఆ ప్రాంతంలోని ప్రాజెక్టులకే ఖర్చవుతుంది.

వినడానికి ఎవరికీ నష్టం లేనట్టు ఉంటుంది. ఇది మొదలైంది 1952లో, కాలిఫోర్నియాలో. కాలం గడిచేకొద్దీ ఆ రాష్ట్రంలో ఇలాంటి పునరభివృద్ధి సంస్థలు దాదాపు 400 అయ్యాయి. వాటి ప్రాంతాల్లో పెరిగిన పన్నులో బడులకు రావాల్సిన వాటా కూడా ఉంది. ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వం తన బడ్జెట్ నుంచి పూడ్చాల్సి వచ్చింది. రాష్ట్రానికే డబ్బుకు కటకట వచ్చినప్పుడు 2011లో చట్టం చేసి ఆ సంస్థలను రద్దు చేశారు. 2012 ఫిబ్రవరి 1న అవి మూతపడ్డాయి. పద్ధతే చెడ్డదని నేను అనను. పెరిగే పన్ను ఎవరి సొమ్మో అడగకుండా ముందుకు వెళ్తే ఆ ప్రశ్న ఎప్పటికో తిరిగి వస్తుందని మాత్రం అంటాను.

ఇంకో చిక్కు ఉంది. వదులుకున్న పన్ను కూడా ఖర్చే. కానీ బడ్జెట్ పుస్తకంలో దానికి పద్దు ఉండదు. పది లక్షల డాలర్లతో పార్కు కడదామంటే కౌన్సిల్‌లో గంటలకొద్దీ చర్చ జరుగుతుంది. అంతే మొత్తం పన్ను పదేళ్లపాటు వదిలేద్దామంటే చాలాసార్లు పది నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో ప్రభుత్వ ఖాతాల ప్రమాణాలు నిర్ణయించే బోర్డు 2015లో 77వ నంబరు ప్రమాణం తెచ్చింది. పన్ను మినహాయింపు ఒప్పందాల వల్ల ఎంత ఆదాయం పోయిందో ఏటా చెప్పాలంటుంది అది. అంతవరకు చాలా నగరాలకు తాము ఎంత ఇచ్చేశామన్న మొత్తం లెక్కే ఒకచోట ఉండేది కాదు.

ఇక వరుస దగ్గరికి వద్దాం. మార్కులు వేయడానికి ముందు ఏ ప్రాజెక్టయినా దాటాల్సిన గడపలు రెండున్నాయి. ఇవి మార్కుల్లో కలిపే అంశాలు కావు. దాటితే లోపలికి, దాటకపోతే బయటికి.

మొదటిది: మన సాయం లేకపోతే ఇది నిజంగా ఆగిపోతుందా? ఎలాగూ వచ్చే ప్రాజెక్టుకు డబ్బిస్తే మనం కొన్నది ఏమీ లేదు. ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆర్థికవేత్త తిమోతీ బార్టిక్, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ 2018లో కలిపి చూశారు. ప్రోత్సాహకాలు పొందిన కంపెనీల్లో, ఆ ప్రోత్సాహకం వల్లే అక్కడికి వచ్చినవి 2 నుంచి 25 శాతం దాకా ఉండొచ్చని తేల్చారు. అంటే ఎంత ఉదారంగా లెక్కేసినా ప్రతి నాలుగింటిలో మూడు ఎలాగూ వచ్చేవే. కార్మికులు దొరకడం, రవాణా, సరుకు కొనేవాళ్లకు దగ్గరగా ఉండటం లాంటివే వాటి నిర్ణయాన్ని ఎక్కువగా నడిపించాయి.

అమెజాన్ రెండో ప్రధాన కార్యాలయం ఉదంతం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017లో కంపెనీ ప్రకటన చేస్తే 238 ప్రతిపాదనలు వెళ్లాయి. 2018 నవంబరులో న్యూయార్క్‌ను, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌ను ఎంచుకున్నారు. న్యూయార్క్‌లో 25,000 ఉద్యోగాలకు నగరం, రాష్ట్రం కలిపి ఇస్తామన్నది దాదాపు 300 కోట్ల డాలర్లు. స్థానికంగా వ్యతిరేకత వచ్చింది. 2019 ఫిబ్రవరిలో కంపెనీ ఆ ఆలోచన మానుకుంది. అదే ఏడాది డిసెంబరులో మాన్‌హాటన్‌లో 1,500 మంది కోసం ఆఫీసు అద్దెకు తీసుకుంది, ప్రత్యేక రాయితీ ఏదీ లేకుండానే. 1,500కూ 25,000కూ పోలిక లేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ 1,500 మందిని అక్కడికి రప్పించింది రాయితీ కాదన్నది మాత్రం స్పష్టం.

సరే, ఈ పరీక్ష ఎలా చేస్తారు? "మీ సాయం లేకపోతే మేం రాం" అని కంపెనీ రాసిచ్చిన ఉత్తరం రుజువు కాదు. దురదృష్టం ఏమిటంటే చాలాచోట్ల ఫైల్లో ఆ ఉత్తరం తప్ప ఇంకేమీ ఉండదు. లెక్కలు తెరిచి చూడాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. పాత మిల్లును ఇళ్లుగా మార్చడానికి 4 కోట్ల డాలర్లు అవుతుందని డెవలపర్ చెప్పారు. వచ్చే అద్దెలను బట్టి బ్యాంకు 2 కోట్ల 60 లక్షలు అప్పిస్తుంది. సొంత డబ్బు 80 లక్షలు. 60 లక్షలు తక్కువ పడుతున్నాయి, అవి నగరం ఇవ్వాలి. ఇదీ దరఖాస్తు.

ఇప్పుడు లెక్కల అధికారి ఒక్కో పద్దూ పట్టుకుని చూడాలి. స్థలం ధర 70 లక్షలని వేశారు, స్వతంత్రంగా విలువ కట్టిస్తే 45 లక్షలే వచ్చింది. అక్కడ 25 లక్షలు తగ్గాయి. అద్దెలు చుట్టుపక్కల నడుస్తున్న రేట్ల కంటే తక్కువ వేసుకున్నారు. సరైన రేటు వేస్తే బ్యాంకు మరో 15 లక్షలు ఇవ్వగలదు. ప్రాజెక్టు నడిపినందుకు డెవలపర్ తీసుకునే ఫీజులో 10 లక్షలు ఇప్పుడే కాకుండా అద్దెలు వచ్చాక తీసుకోవచ్చు. మొత్తం 50 లక్షలు. నిజమైన లోటు 10 లక్షలు. ఎవరూ మోసం చేయలేదు. అడిగేవాళ్లు తమ వైపు నుంచి జాగ్రత్తగా లెక్క వేసుకుంటారు, ఇచ్చేవాళ్లు కూడా తమ వైపు నుంచి వేసుకోవాలి. ఈ పని చేయగల మనిషి నగరం ఉద్యోగుల్లో లేకపోతే బయటి నుంచి పెట్టుకోవాలి. ఆ ఖర్చు దరఖాస్తు రుసుములోంచే రాబట్టొచ్చు.

రెండో గడప: ఇది కొత్తదా, పక్క నుంచి జరిగిందా? కాన్సస్ సిటీ మహానగరం రెండు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంటుంది. సరిహద్దు చాలాదూరం ఒక రోడ్డు పొడవునా సాగుతుంది. ఏళ్ల తరబడి మిస్సోరీ వైపు కంపెనీలను కాన్సస్, కాన్సస్ వైపు కంపెనీలను మిస్సోరీ రాయితీలు పెట్టి లాక్కున్నాయి. ఉద్యోగులు అవే ఇళ్లలో ఉన్నారు, ఆఫీసు కొన్ని మైళ్లు జరిగింది. ప్రాంతం మొత్తానికి వచ్చిన లాభం దాదాపు శూన్యం, పోయిన పన్ను మాత్రం రెండు వైపులా పోయింది. చివరికి 2019లో రెండు రాష్ట్రాలూ ఒక సంధికి వచ్చి ఆ పోటీకి చాలావరకు అడ్డుకట్ట వేసుకున్నాయి.

ఒక్క నగరం లోపల కూడా ఇదే జరుగుతుంది. కొత్త షాపింగ్ మాల్‌కు సాయం చేస్తే కొనేవాళ్ల జేబులో డబ్బు పెరగదు. పాత దుకాణాల్లో పెట్టే ఖర్చు ఇక్కడికి మారుతుంది. ఊరి బయటివాళ్లకు సరుకో సేవో అమ్మి, బయటి డబ్బు లోపలికి తెచ్చే వ్యాపారం వేరు. ఆ డబ్బు మళ్లీ ఊళ్లోని దుకాణాలకు, మెకానిక్‌లకు, డాక్టర్లకు చేరుతుంది. అందుకే చిల్లర వ్యాపారాలకు సాయం మామూలుగా ఉండదని, అసలు దుకాణాలే లేని పేటలకు మాత్రం మినహాయింపు ఉంటుందని చాలా నగరాల విధానాల్లో రాసుకుంటారు. ఆ మినహాయింపు నాకు సబబుగానే అనిపిస్తుంది. కూరగాయల కోసం రెండు బస్సులు మారాల్సిన పేటలో ఒక దుకాణం రావడం చిన్న విషయం కాదు.

దీన్ని అంకెల్లో చూడండి. ఒక ప్రాజెక్టు కోటి డాలర్ల సాయం అడిగింది, 200 ఉద్యోగాలన్నారు. ఉద్యోగానికి 50 వేలు. అందులో 120 మంది అదే కంపెనీకి ఊరి అవతల ఉన్న పాత ఆఫీసు నుంచి వస్తున్నవాళ్లే. కొత్తవి 80. ఉద్యోగానికి లక్షా 25 వేలు. ఏ పత్రికా ప్రకటనలో చూసినా 200 అనే ఉంటుంది. కౌన్సిల్ ముందుకు వచ్చే నోట్‌లో 80 కనిపించాలి.

ఈ రెండు గడపలూ దాటినవాటికి అప్పుడు మార్కులు. ఇక్కడ నగరాల అవసరాలు వేరు వేరు కాబట్టి అందరికీ ఒకే పట్టిక కుదరదు. అయినా నేను అన్నిటికంటే పైన పెట్టేది ఒకటుంది: ఆ ఉద్యోగాలు ఎవరికి వస్తాయి? పని లేక ఇబ్బంది పడుతున్న పేటల నుంచి అక్కడికి బస్సు ఉందా? డిగ్రీ లేనివాళ్లకు ఎన్ని? జీతం ఎంత, ఆరోగ్య బీమా ఉందా? ఉపాధి తక్కువగా ఉన్నచోట వచ్చిన ఒక ఉద్యోగం, అప్పటికే పని పుష్కలంగా ఉన్నచోట వచ్చిన ఉద్యోగం కంటే ఎంతో విలువైనది. మొదటిచోట అది ఖాళీగా ఉన్న మనిషికి పని ఇస్తుంది. రెండోచోట ఎక్కువగా బయటి నుంచి కొత్తవాళ్లను తెస్తుంది. వాళ్లతోపాటు కొత్త బడుల ఖర్చు, రోడ్ల ఖర్చు వస్తాయి. ఆ తర్వాత స్థలం సంగతి. పాత ఫ్యాక్టరీల రసాయనాలు ఇంకిన నేలను శుభ్రం చేసి కట్టే ప్రాజెక్టుకు లోటు నిజంగానే ఉంటుంది. రోడ్డు, నీళ్లు, మురుగు లైను అప్పటికే అక్కడ ఉంటాయి. ఊరి చివర పచ్చటి పొలంలో కట్టేదానికి ఇవన్నీ నగరమే కొత్తగా వేయాలి. మిగతా అంశాలు, అంటే వారసత్వ భవనాలు, ఇంధన పొదుపు లాంటివి, నగరం ఇష్టాన్ని బట్టి చేర్చుకోవచ్చు.

మార్కుల పట్టికతో ఒక ప్రమాదం ఉంది. మొత్తం కూడికలో లోపాలు దాక్కుంటాయి. జీతాల దగ్గర సున్నా వచ్చిన ప్రాజెక్టు, అందమైన భవనానికి, మొక్కలకు, కళాకృతులకు మార్కులు కూడబెట్టుకుని గట్టెక్కేస్తుంది. కాబట్టి ముఖ్యమైన ప్రతి అంశానికీ కనీస మార్కులు ఉండాలి.

అయితే మార్కుల కంటే పెద్ద సమస్య ఒకటి ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ప్రాజెక్టులు ఒకటొకటిగా వస్తాయి. ప్రతిసారీ కౌన్సిల్ ముందున్న ప్రశ్న "ఇది మంచిదా కాదా" అన్నదే. ఏమీ రాకపోవడంతో పోల్చితే దాదాపు ప్రతిదీ మంచిదిగానే కనిపిస్తుంది. అడగాల్సింది "వచ్చే ఆరు నెలల్లో రాబోయే మిగతావాటి కంటే ఇది మంచిదా" అని. ఇది అడగాలంటే రెండు పనులు చేయాలి. ఏడాదికి మొత్తం ఎంత సాయం చేస్తామో, వదులుకునే పన్నుతో సహా, బడ్జెట్‌లో పరిమితి పెట్టుకోవాలి. దరఖాస్తులను ఏడాదికి రెండు మూడు విడతల్లో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడాలి. "కంపెనీలు అంత ఆగవు" అంటారు. కొన్ని ఆగవు, నిజమే. వాటి కోసం కొంత నిధి విడిగా ఉంచుకుని, అక్కడ అర్హత మార్కులు ఎక్కువగా పెట్టొచ్చు. పరిమితి లేని చోట మాత్రం ప్రాధాన్యం అనే మాటకే అర్థం లేదు.

ఒక్కదానికే ఎంత ఇవ్వొచ్చో కూడా రాసుకోవాలి. రోడ్ ఐలండ్ రాష్ట్రం 2010లో కొత్త ఉద్యోగాల కోసం 12 కోట్ల 50 లక్షల డాలర్ల రుణ హామీ పథకం పెట్టింది. అందులో 7 కోట్ల 50 లక్షలు ఒకే వీడియో గేముల కంపెనీకి, 38 స్టూడియోస్‌కు, వెళ్లాయి. మాజీ బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ షిల్లింగ్ పెట్టిన సంస్థ అది. 2012లో దివాలా తీసింది. అప్పు తీర్చే భారం రాష్ట్రం మీద పడింది. చిన్నచిన్న సంస్థలు చాలావాటికి పంచి ఉంటే కొన్ని మునిగినా కొన్ని నిలిచేవి.

ఇక డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊరి కథ నన్ను చాలా ఆలోచింపజేసింది. 2017లో ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీ ఫాక్స్‌కాన్ అక్కడ 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి, 13,000 దాకా ఉద్యోగాలు అంది. రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీ ఇస్తామంది. కానీ షరతు పెట్టుకుంది: పెట్టుబడి పెట్టాక, ఉద్యోగాలు ఇచ్చాకే. మొదటి ఏళ్లలో లక్ష్యాలు చేరకపోవడంతో ఆ రాయితీ ఇవ్వలేదు. 2021లో ఒప్పందాన్ని 1,454 ఉద్యోగాలకు, 8 కోట్ల డాలర్లకు కుదించారు. రాష్ట్రం చాలావరకు బయటపడింది. ఊరు, కౌంటీ (మన జిల్లా లాంటిది) మాత్రం ముందే అప్పులు తెచ్చి భూములు కొని, రోడ్లు వేసి, నీళ్ల లైన్లు లాగేశాయి. కొన్ని కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. తర్వాత 2023లో మైక్రోసాఫ్ట్ అక్కడ డేటా సెంటర్ కోసం భూమి కొనడం ఆ ఊరికి పెద్ద ఊరట. అది ముందుగా వేసుకున్న పథకం కాదు, తర్వాత కలిసొచ్చింది.

పని జరిగాకే డబ్బు అన్నది మంచి నియమం. దానికీ ఒక ఇబ్బంది ఉంది. కంపెనీలు దూరపు డబ్బుకు తక్కువ విలువ ఇస్తాయి. ఏడాదికి 12 శాతం చొప్పున తగ్గించి లెక్కేసే కంపెనీకి పదేళ్ల తర్వాత వచ్చే 100 డాలర్లు ఈ రోజు 32 డాలర్లతో సమానం. 4 శాతం చొప్పున లెక్కేసే నగరానికి అవే 100 డాలర్లు ఈ రోజు 68. అంటే పదో ఏట ఇచ్చే రాయితీలో మనం పోగొట్టుకునేది ఎక్కువ, వాళ్లను కదిలించేది తక్కువ. పదిహేనేళ్ల పన్ను మాఫీలు అందుకే నాకు నచ్చవు. వాటి భారం మోసేది కూడా ఇప్పుడు ఓటేసిన కౌన్సిల్ కాదు, ఇంకా ఎన్నిక కాని కౌన్సిళ్లు. నాలుగైదేళ్లకు కుదించి, ప్రతి ఏడాదీ లక్ష్యం చూసి ఇస్తే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా ఉండాలంటే తిరిగి వసూలు చేసే షరతు ఒప్పందంలోనే ఉండాలి. మిన్నెసోటా రాష్ట్ర చట్టం ఈ విషయంలో చదవదగ్గది. అక్కడ ఏ నగరమైనా వ్యాపారాలకు సబ్సిడీ ఇవ్వాలంటే, ముందుగా బహిరంగ విచారణ జరిపి ప్రమాణాలు ఆమోదించుకోవాలి. ఒక్కో కంపెనీకి ఒక్కోలా ప్రమాణాలు పెట్టడం కుదరదు. జీతాల విషయంలో తమ విధానం ఏమిటో అందులో చెప్పాలి. సాయం పొందిన కంపెనీ ఉద్యోగాలు, జీతాల లక్ష్యాలను రెండేళ్లలో చేరాలి. చేరకపోతే సొమ్ము వడ్డీతో తిరిగి కట్టాలి. నేను మొదట్లో చెప్పిన మాటను ఒక రాష్ట్రం చట్టంగానే పెట్టుకుందన్నమాట.

ఎవరి పన్ను పోతుందో వాళ్లకు మాట ఉండాలన్నది కూడా ఇందులో భాగమే. లూసియానా రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు ఆస్తి పన్ను మినహాయింపు చాలాకాలం రాష్ట్ర స్థాయి బోర్డే ఇచ్చేది. పోయేది మాత్రం స్థానిక బడుల, పోలీసుల ఆదాయం. 2016లో అప్పటి గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ ఉత్తర్వుతో స్థానిక సంస్థలకు కూడా ఆమోదించే అధికారం వచ్చింది. 2019 జనవరిలో ఈస్ట్ బేటన్ రూజ్ స్కూలు బోర్డు, చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ అడిగిన మినహాయింపుకు కాదని ఓటేసింది. టీచర్లు బోర్డు ముందు నిలబడి తమ తరగతి గదుల పరిస్థితి చెప్పుకున్నారు. అడిగే హక్కు వచ్చాక ప్రశ్నలు వాటంతట అవే వచ్చాయి.

చివరగా, ఏటా వచ్చే నివేదిక. చెప్పిన ఉద్యోగాలు ఎన్ని, వచ్చినవి ఎన్ని, వదులుకున్న పన్ను ఎంత, లక్ష్యం తప్పినవాళ్ల నుంచి వసూలు చేసింది ఎంత, ఇవి ఉండాలి. వీటితోపాటు ఎవరూ పెద్దగా అడగని ఇంకో జాబితా కూడా ఉండాలి: ఆ ఏడాది వద్దన్న దరఖాస్తులు, వద్దనడానికి కారణం. కంపెనీ పేరు రాయక్కర్లేదు, రకం, అడిగిన మొత్తం చాలు. మీ నగరం ఐదేళ్లలో ఒక్క దరఖాస్తునూ తిప్పి పంపలేదంటే, అక్కడ ప్రాధాన్యాల పత్రం అలమారాలో ఉందని, నిర్ణయాలు ఇంకెక్కడో జరుగుతున్నాయని అనుమానించాల్సిందే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.